గచ్చు కింద వేడినీళ్లు: పాత బాయిలర్‌కు కొత్త గది

కృష్ణ ఒడ్డున, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న మా శ్రీకాకుళంలో ఇల్లు కట్టించేవాళ్లెవరూ మేస్త్రితో ఇంటిని వెచ్చబెట్టే సంగతి మాట్లాడరు. సంక్రాంతి నెలలో తెల్లవారుజామున 17, 18 డిగ్రీలకు దిగితేనే దుప్పటి మీద దుప్పటి కప్పుకుని వణికే సీమ ఇది. అయినా ఈ ప్రశ్న ఇక్కడికీ వచ్చింది. ఘంటసాల, చల్లపల్లి, అవనిగడ్డ, గుడివాడ, బందరు చుట్టుపక్కల ఊళ్లనుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డ పిల్లలు తల్లిదండ్రులను తీసుకెళ్లి ఆరేసి నెలలు ఉంచుకుంటున్నారు. పెద్దవాళ్లకు మెట్లెక్కే బాధ లేకుండా కింది గది ఇస్తారు. ఆ గది గచ్చు జనవరిలో మంచుగడ్డలా ఉంటుంది. ఊళ్లో పుట్టిననాటినుంచీ ఇంట్లో చెప్పులు వేసుకోని మనిషి అక్కడ మేజోళ్లు తొడుక్కుని మంచం దిగాలి. మోకాళ్ల నొప్పులున్న వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అప్పుడు పుట్టే ప్రశ్న: ఇంట్లో ఎలాగూ బాయిలర్ ఉంది కదా, దాన్నుంచే ఒక లైను లాగి ఈ గది నేల కింద వేడినీళ్లు తిప్పకూడదా?

తిప్పొచ్చు. అయితే లైను లాగినంత మాత్రాన పని అయిపోదు. పనివాళ్లు ఒకరకంగా, పైపులమ్మేవాళ్లు మరోరకంగా, ఇంజనీర్లు ఇంకోరకంగా చెప్పే ఈ విషయాన్ని మొత్తం ఒకచోట పెట్టి చూస్తే, ఒక మాట మాత్రం గట్టిగా నిలబడుతుంది. ఇందులో తేలాల్సింది పైపుల లెక్క కాదు, నీళ్ల వేడి లెక్క. చెడిపోయిన పనుల్లో చాలావాటి మూలం అక్కడే ఉంటుంది.

ముందు ఈ ప్రశ్న ఎవరిదో చూద్దాం. డాలస్, హ్యూస్టన్, అట్లాంటా ప్రాంతాల్లోని తెలుగువాళ్ల ఇళ్లలో సాధారణంగా ఫర్నేస్ ఉంటుంది. వేడిగాలి రేకు గొట్టాల్లోంచి గదుల్లోకి వస్తుంది, ఎండాకాలం అవే గొట్టాల్లో చల్లగాలి వస్తుంది. అక్కడ నీళ్లు కాచే బాయిలరే ఉండదు కాబట్టి ఈ చర్చకు చోటు లేదు. న్యూజెర్సీ, న్యూయార్క్, కనెక్టికట్, మసాచుసెట్స్‌లలో పాత ఇళ్ల కథ వేరు. బేస్‌మెంట్‌లో గ్యాసుతోనో చమురుతోనో మండే బాయిలర్, గోడ అంచు వెంబడి రాగి గొట్టానికి అల్యూమినియం రేకులు గుచ్చిన బేస్‌బోర్డులు, మరీ పాతవైతే పోత ఇనుప రేడియేటర్లు. ఒక అంతస్తుకు ఒక థర్మోస్టాట్, దానికో పంపో వాల్వో. ఆ ఒక్కో భాగాన్నీ అక్కడ జోన్ అంటారు. మన ప్రశ్న ఇలాంటి ఇంటికి నేల వేడి జోన్ ఒకటి అదనంగా చేర్చడం గురించి.

నేలను వేడిచేసే ఆలోచన కొత్తది కాదు. రోమనులు స్నానశాలల నేల కింద పొగ నడిపించారు. కొరియావాళ్లు వంటపొయ్యి పొగను పడకగది రాతినేల కిందుగా పంపి, ఆ వెచ్చదనం మీదే పడుకున్నారు. దాన్ని ఒండోల్ అంటారు. తర్వాతి కాలంలో బొగ్గు బిళ్లలు కాల్చడం మొదలయ్యాక నేల పగుళ్లలోంచి కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి చేరి ఎందరో నిద్రలోనే చనిపోయారు. పొగ స్థానంలో బాయిలర్ నుంచి వేడినీళ్లు తిప్పడం అక్కడ ఇంటింటా స్థిరపడింది. ఇవాళ కొరియా అపార్ట్‌మెంట్లలో అది మామూలు సంగతి. మన వైపు కూడా గోడల్లో వేడినీళ్లు నడిపిన ఆనవాళ్లు లేకపోలేదు. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరి హమామ్‌లో వేడినీళ్లకూ చన్నీళ్లకూ మట్టి గొట్టాలు వేశారు. అమెరికాలో వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1937లో మాడిసన్‌లో కట్టిన జేకబ్స్ ఇంటి కాంక్రీటు నేల కింద గొట్టాలు పరిచాడు. ఆ వెనుక వచ్చిన లెవిట్‌టౌన్ గురించి కొంచెం తర్వాత చెప్పాలి, ఎందుకంటే అందులో నేటికీ పనికొచ్చే పాఠం ఉంది.

ఇక లెక్క. నేల ఎంత వేడి ఇవ్వగలదన్నదానికి హద్దు ఉంది. మనుషులు తిరిగే చోట నేల పైభాగం 29 డిగ్రీలు దాటకూడదని యూరప్ ప్రమాణాలూ అమెరికా ప్రమాణాలూ రెండూ చెబుతాయి. అంతకు మించితే కాళ్లు మండినట్టుంటాయి, చెక్క నేల ఎండి కుంచించుకుని సందులు విడుస్తుంది. గది గాలి కంటే నేల ఒక డిగ్రీ వేడిగా ఉంటే చదరపు మీటరుకు సుమారు 11 వాట్ల వేడి గదిలోకి వస్తుంది. గది 20, నేల 29 అయితే 100 వాట్ల చుట్టుపక్కల. అదే పైహద్దు. కాబట్టి మొదటి పని ఆ గది ఎంత వేడి పోగొట్టుకుంటోందో కట్టడం. బోస్టన్‌లో ఈ లెక్కకు బయట సుమారు మైనస్ 13 డిగ్రీలు తీసుకుంటారు. గోడలు, కిటికీలు, పైకప్పు, సందుల్లోంచి దూరే గాలి అన్నీ కలిపి చదరపు మీటరుకు 60 వాట్లు పోతున్నాయనుకుందాం. పదిహేను చదరపు మీటర్ల గదికి 900 వాట్లు. నేల ఐదారు డిగ్రీలు ఎక్కువ వెచ్చగా, అంటే 26 దగ్గర ఉంటే సరిపోతుంది. అరచేత్తో తాకితే వేడిగా కూడా అనిపించదు, చల్లగా లేదనిపిస్తుంది, అంతే. అదే మూడు వైపులా అద్దాలున్న సన్‌రూమ్ అయితే చదరపు మీటరుకు 130 వాట్లు పోవచ్చు. ఆ గదిని నేల ఒక్కటే మోయలేదు. అక్కడ గొట్టాలు ఎంత దగ్గరగా పరిచినా, నీళ్లు ఎంత కాచినా, నేల హద్దు నేలదే. బేస్‌బోర్డు కూడా ఉంచాలి, లేదా ముందు కిటికీలు మార్చాలి.

ఈ లెక్క కట్టకుండా గది కొలత చూసి పైపుల ధర చెప్పేవాళ్లే ఎక్కువ. అల్మరాలు, వంటగది గట్లు, మంచం కింద సొరుగులు ఉన్న చోట గొట్టాలు పరిచి ప్రయోజనం లేదు, కాబట్టి పనికొచ్చే నేల గది కొలతకన్నా ఎప్పుడూ తక్కువే.

900 వాట్లకు కావలసిన నీళ్లు ఆశ్చర్యపడేంత తక్కువ. వెళ్లే నీళ్లకూ తిరిగొచ్చే నీళ్లకూ ఐదారు డిగ్రీల తేడా పెట్టుకుంటే నిమిషానికి రెండుంబావు లీటర్లు చాలు. గొట్టాలు 20 సెంటీమీటర్ల ఎడంతో పరిస్తే చదరపు మీటరుకు ఐదు మీటర్లు పడతాయి. మన గదికి 75 మీటర్లు, ఒకే చుట్టు. అరంగుళం గొట్టమైతే ఒక చుట్టు 90 మీటర్లు దాటకపోవడం మంచిది. దాటితే పంపు ఈడ్వలేదు, చివరి మలుపులకు చేరేసరికి నీళ్లలో వేడి మిగలదు.

టైల్స్ వేసిన సిమెంటు నేలలో గొట్టాలుంటే 35 డిగ్రీల నీళ్లతో పని జరుగుతుంది. పాత చెక్క నేల కింద, దూలాల మధ్య నుంచి గొట్టాలు బిగించి, పైన దళసరి కార్పెట్ కూడా ఉంటే 55, 60 డిగ్రీల నీళ్లు కావాలి. మరి బేస్‌మెంట్‌లో బాయిలర్ కాచేదెంత? బేస్‌బోర్డులకు పనికొచ్చేలా 80 డిగ్రీలు. 80 డిగ్రీల నీళ్లు నేరుగా నేలలోకి వెళ్తే టైల్స్ అతుకు వదులుతుంది, చెక్క పగులుతుంది. ఉన్న బేస్‌బోర్డు లైనుకు టీ ఆకారపు అతుకు పెట్టి నేల చుట్టు కలిపేసే పని నేటికీ జరుగుతోంది. ఖర్చు తక్కువ, మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. నా ఉద్దేశంలో అది పని కాదు, చెరుపు. నేల జోన్‌కు దాని సొంత పంపు ఉండాలి, దాని ముందు వేడినీళ్లనూ తిరిగొచ్చిన గోరువెచ్చని నీళ్లనూ కలిపి నిర్ణయించిన వేడికి తెచ్చే మిక్సింగ్ వాల్వ్ ఉండాలి, ఆ వాల్వ్ మొరాయించినా పంపును ఆపేసే హద్దు స్విచ్ ఉండాలి. రెండు పంపులూ ఒకదానితో ఒకటి పెనుగులాడకుండా బాయిలర్ లైనుకూ నేల లైనుకూ మధ్య రెండు టీలు దగ్గర దగ్గరగా పెట్టి నీటి ఒత్తిడిని విడదీస్తారు. దీన్ని వదిలేస్తే నేల పంపు తిరిగినప్పుడల్లా పై అంతస్తు బేస్‌బోర్డులు వద్దన్నా వేడెక్కుతాయి.

మిక్సింగ్ వాల్వ్ పెట్టాక కూడా బాయిలర్ బాధ తీరదు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. సహజవాయువు మండినప్పుడు పొగలో నీటి ఆవిరి ఉంటుంది. ఆ పొగ 55 డిగ్రీల కంటే చల్లని లోహాన్ని తాకితే ఆవిరి నీరై కారుతుంది, ఆ నీటిలో ఆమ్లం ఉంటుంది. పాతకాలపు పోత ఇనుము బాయిలర్‌కు నేలనుంచి 30 డిగ్రీల నీళ్లు తిరిగి వస్తూ ఉంటే దాని కడుపు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ముందు బర్నర్ మూత కింద తుప్పు చారలు కనబడతాయి, పొగ గొట్టం అతుకుల దగ్గర తెల్లని పొడి పేరుకుంటుంది, కొన్నేళ్లకు ఇనుప అరలు చిల్లుపడతాయి, ఇటుక చిమ్నీ లోపల సున్నం రాలుతుంది. బయటికి మాత్రం ఇల్లు హాయిగా వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పాత బాయిలర్‌నే ఉంచుకుంటే తిరుగు నీళ్లను 55, 60 పైన నిలిపే ఏర్పాటు తప్పనిసరి. కండెన్సింగ్ బాయిలర్ సంగతి పూర్తిగా ఎదురు. అది తయారైందే ఆ ఆవిరిని నీరుగా మార్చి అందులోని వేడిని కూడా లాక్కోవడానికి. తిరుగు నీళ్లు ఎంత చల్లగా వస్తే దానికి అంత లాభం. పాతది నూటికి 80, 85 పాళ్లు వేడి ఇస్తే ఇది 95 దాకా ఇస్తుంది. నేల వేడికి సరిజోడు ఇదే. అయితే అదే ఇంట్లో మిగతా బేస్‌బోర్డులు 80 డిగ్రీలే అడుగుతూ ఉంటే ఆ 95 కాగితం మీదే ఉండిపోతుంది.

రెండో చిక్కు పరిమాణానిది. మామూలు ఇంటి బాయిలర్ 25 కిలోవాట్ల దరిదాపుల్లో ఉంటుంది. మన గది అడిగేది ఒక్క కిలోవాట్. పెళ్లికి తవ్విన గాడిపొయ్యి మీద గ్లాసెడు పాలు కాచినట్టు ఉంటుంది వ్యవహారం. బాయిలర్ వెలుగుతుంది, రెండు నిమిషాల్లో నీళ్లు కాగిపోతాయి, ఆగుతుంది, మళ్లీ వెలుగుతుంది. రోజంతా ఇలా వెలిగి ఆరుతుంటే భాగాలు అరుగుతాయి, గ్యాసు దండగవుతుంది. మంటను పదో వంతుకు తగ్గించుకోగల కొత్త బాయిలర్ కూడా రెండున్నర కిలోవాట్ల దగ్గర ఆగిపోతుంది. మధ్యలో ఒక బఫర్ ట్యాంకు పెట్టి కాచిన నీళ్లు నిల్వచేస్తే ఈ బాధ తగ్గుతుంది. లేదా చిన్న గదిని ఒంటరి జోన్‌గా కాకుండా పక్క గదులతో కలిపి పెద్ద జోన్ చెయ్యాలి. ఒక్క గది కోసం ఇంత చెయ్యాలా అన్న అనుమానం ఇక్కడ వస్తుంది. రావాలి కూడా.

స్నానాల గది ఒక్కటే వెచ్చబడితే చాలనుకునేవాళ్లు బాయిలర్ జోలికి పోకుండా టైల్స్ కింద కరెంటు తీగల చాప వేయించుకోవడమే మేలు. చదరపు మీటరుకు 150 వాట్లు, నాలుగు చదరపు మీటర్లకు 600 వాట్లు. పొద్దున రెండు గంటలు, రాత్రి ఒక గంట టైమరు పెడితే బిల్లు భరించగలిగేలా ఉంటుంది. మూడు నాలుగు గదులు, పొద్దస్తమానం మనుషులు మసలే చోట్లయితే నీళ్ల పద్ధతే చవక. ఈ రెంటి మధ్యా పోటీ పెట్టి మాట్లాడేవాళ్లు ఎంత నేల, ఎన్ని గంటలు అన్న మాట ముందు అడగడం లేదు.

నేల కట్టడంలో మూడు దారులున్నాయి. కొత్తగా కాంక్రీటు పోసే బేస్‌మెంట్ గదికైతే దళసరి ఫోమ్ పలకలు పరిచి, వాటిమీద ఇనుప జాలీ, జాలీకి గొట్టాలు కట్టి, పైన కాంక్రీటు పొయ్యాలి. రెండంగుళాల ఫోమ్ ఖర్చు మిగుల్చుకుందామనుకుంటే వేడి కింది మట్టిలోకీ, అంచుల వెంట బయటికీ పోతూనే ఉంటుంది, తర్వాత దిద్దుకోవడానికి వీలుండదు. ఉన్న నేల మీదైతే పలచని జిప్సం పోత, లేదా గాడులు పెట్టిన చెక్క పలకలు. వీటితో నేల ఎత్తు అంగుళమో ఒకటిన్నరో పెరుగుతుంది. తలుపుల అడుగు కోయాలి, మెట్ల మొదటి ఎత్తు మారి పెద్దవాళ్లకు కాలు తట్టుకునే ప్రమాదముంది. మూడోది, పై నేల కదపకుండా కింది బేస్‌మెంట్ సీలింగ్‌లోంచి దూలాల మధ్య గొట్టాలు బిగించడం. పాత ఇళ్లలో ఎక్కువగా ఎంచుకునేది ఇదే.

ఈ మూడో దారిలో బేస్‌మెంట్‌లో టార్చి పట్టుకుని తల పైకెత్తి చూస్తే కనబడేది మేకుల అడవి. పై చెక్క పలకల్లోకి దిగగొట్టిన మేకుల మొనలు అంగుళం, అంగుళంన్నర కిందికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక్కొక్కటీ కట్టర్‌తో తెంపకుండా గొట్టం బిగిస్తే, వేడికి సాగీ ముడుచుకునీ కదిలే ఆ గొట్టానికి ఏదో ఒక మొన ఎప్పటికైనా చిల్లు పెడుతుంది. ఈ పని విసుగు పుట్టిస్తుంది కాబట్టి తరచూ ఎగ్గొట్టేది కూడా ఇదే. గొట్టాన్ని ఊరికే వేలాడగట్టకూడదు. గొట్టం కూర్చునే గాడి ఉన్న అల్యూమినియం రేకు చెక్కకు ఆనుకునేలా బిగిస్తేనే వేడి పక్కలకు పాకుతుంది. రేకు లేకపోతే గొట్టం మీదుగా వెచ్చని చార, రెండు చారల మధ్య చల్లని చార. కింద దూలాల మధ్య దూది ఇన్సులేషన్ నింపడం మరిచిపోతే కింది బేస్‌మెంట్ వెచ్చబడుతుంది, పై గది కాదు.

ఇప్పుడు లెవిట్‌టౌన్. విలియం లెవిట్ సంస్థ 1947 నుంచి న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో బేస్‌మెంట్ లేకుండా కాంక్రీటు పలక మీద 17,000కు పైగా ఇళ్లు కట్టింది. ఆ పలకలో రాగి గొట్టాలు పాతి వేడినీళ్లు తిప్పారు. కాలక్రమంలో కాంక్రీటులోని రాగి అరిగిపోయి, పలక కదిలి, గొట్టాలు కారడం మొదలైంది. ఎక్కడ కారుతోందో తెలియక ఒక్కో ఇంట్లో నేల పగలగొట్టారు. ఎంతోమంది విసిగి ఆ గొట్టాలు వదిలేసి గోడలకు బేస్‌బోర్డులు వేయించుకున్నారు. పద్ధతి మీద అమెరికాలో అపనమ్మకం పాతుకుపోవడానికి అదొక కారణం. ఈనాటి పెక్స్ ప్లాస్టిక్ గొట్టం తుప్పు పట్టదు, అతుకు లేకుండా మొత్తం చుట్టు ఒకే ముక్కలో వస్తుంది. దానికి వేరే బలహీనత ఉంది. పూత లేని పెక్స్ గోడలోంచి గాలిలోని ఆక్సిజన్ నీళ్లలోకి చేరి, గొట్టాన్ని వదిలి బాయిలర్‌నూ ఇనుప పంపునూ తుప్పు పట్టిస్తుంది. తాగునీళ్ల పెక్స్, వేడి వ్యవస్థ పెక్స్ చూడటానికి ఒకలాగే ఉంటాయి. ఆక్సిజన్ అడ్డు పొర ఉన్నట్టు గొట్టం మీద అచ్చు ఉందో లేదో స్వయంగా చదవాలి.

వేళ గురించి ఒక మాట. నాలుగంగుళాల కాంక్రీటు పలక వేడెక్కడానికి గంటలు పడుతుంది, చల్లారడానికీ అంతే. ఆఫీసుకెళ్తూ థర్మోస్టాట్ తగ్గించి వచ్చాక పెంచే అలవాటు ఇక్కడ చెల్లదు. పగలంతా ఇంట్లో ఉండే అమ్మానాన్నల గదికి ఆ మందగమనమే అనుకూలం.

బాయిలర్లనే మానేసి హీట్ పంపులకు మారాలనే వాదం అక్కడ బలపడుతోంది. గాలిలోని వేడిని లాగి నీళ్లకిచ్చే హీట్ పంపు 35, 40 డిగ్రీల నీళ్లను చవకగా ఇస్తుంది, 80 అడిగితే చేతులెత్తేస్తుంది. అందువల్ల ఇవాళ తక్కువ వేడితో పనిచేసేలా నేల కట్టుకున్నవాళ్లకు రేపు బాయిలర్ మార్చినా నేల పనికొస్తుంది. ఎక్కువ వేడి అడిగే చవకరకం ఏర్పాటు చేసుకున్నవాళ్లకు ఆ దారి మూసుకుపోతుంది. ఫోముకూ రేకులకూ ఇప్పుడు పెట్టే ఖర్చును ఈ లెక్కలో చూడాలి.

అమెరికా వెళ్లొచ్చిన పెద్దలు కొందరు ఇక్కడికొచ్చాక ఇంకో ప్రశ్న అడుగుతున్నారు. ఆ గొట్టాల్లోనే చన్నీళ్లు తిప్పితే మన ఎండాకాలానికి ఇల్లు చల్లబడదా? హైదరాబాద్ శివార్లలో పోచారం దగ్గరి ఇన్ఫోసిస్ ప్రాంగణంలో దీనికి మంచి పరీక్ష జరిగింది. ఒకే భవనాన్ని సమానంగా రెండుగా విడదీసి, ఒక సగానికి మేలైన మామూలు ఏసీ పెట్టారు, మరో సగానికి శ్లాబులో గొట్టాలు పాతి చన్నీళ్లు తిప్పారు. 2011 నుంచి కొలిస్తే గొట్టాల సగం 34 శాతం తక్కువ కరెంటు వాడింది. హైదరాబాద్ మే నెలలో 40 డిగ్రీల ఎండున్నా గాలిలో తేమ తక్కువ. ఆ గాలి 16 డిగ్రీల దాకా చల్లబడితే గానీ అందులోని తేమ నీరై పట్టదు. అయినా వానాకాలం కోసం అక్కడ లోపలికొచ్చే గాలిని విడిగా ఆరబెడతారు.

మా వైపు దివిసీమ సంగతి అది కాదు. సముద్రపు గాలి తోలే సాయంత్రం 32 డిగ్రీలు, తేమ 70 శాతం అనుకుంటే, 26 డిగ్రీల లోపు చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీళ్లు పడతాయి. నేలను 20కి చల్లబరిస్తే గచ్చంతా చెమటపట్టి జారుతుంది, గోడ మొదళ్లలో బూజు పడుతుంది. బ్యాంకాక్ విమానాశ్రయంలో నేల చల్లబరుస్తున్నారు కదా అనొచ్చు. అక్కడ గాలిని ముందే ఆరబెట్టే భారీ యంత్రాలున్నాయి, తలుపులు మూసిన భవనం అది. కిటికీలు తీసి పడుకునే మన ఇళ్లకు అది కుదరదు. బందరు, గుడివాడ, శ్రీకాకుళంలో కొత్త ఇల్లు కడుతున్నవాళ్లు గచ్చులో చన్నీళ్ల గొట్టాల మీద పెట్టే డబ్బును డాబా మీద తెల్ల పూతకూ, పడమటి గోడకు నీడకూ పెట్టడం మంచిది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. తెల్ల పూత తేమ ఎంత ఉన్నా పనిచేసే ఉపాయం.

అమెరికాలో ఇల్లున్న మన పిల్లలకు ఒక్క విన్నపం. అమ్మానాన్నల గది నేల వెచ్చబెట్టాలనుకోవడం మంచి ఆలోచన, చేయించండి. పని ఒప్పుకునే మనిషిని ఆ గదికి వేడి నష్టం లెక్క, నేలకు వెళ్లే నీళ్ల వేడి, బాయిలర్‌కు తిరిగొచ్చే నీళ్ల వేడి కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. కాంక్రీటు పోసే ముందు గొట్టాల్లో కనీసం 100 పిఎస్ఐ ఒత్తిడి పెట్టి అరగంట ముల్లు కదలకుండా నిలిచిందని మీ కళ్లతో చూడండి, పోస్తున్నంతసేపూ ఒత్తిడి తియ్యనివ్వకండి. గొట్టాలు ఏ మూలనుంచి ఏ మూలకు వెళ్లాయో టేపు పరిచి ఫొటోలు తీసి దాచండి, రేపు తలుపు ఆపే గుబ్బకు డ్రిల్లు పెట్టేటప్పుడు అవే కాపాడతాయి. లెక్క కాగితం ఇవ్వనివాళ్లకు అడ్వాన్స్ ఇవ్వకండి.